నల్లోడికి అవ్వ చేసిన వైద్యం

మొన్న మా అమ్మాయి తన కుక్కకు పిడుదులు పట్టాయని ఏదో సీసా తెచ్చింది. మూత తీయగానే హాలంతా వాసన. అందులో నిమ్మగడ్డి నూనె కలిపారు, ఇంకేదో పూల సెంటు కలిపారు, అయినా కింద ఉన్న అసలు వాసన దాగలేదు. కానుగ నూనె. పేపరు చదువుతున్నవాణ్ణి పేపరు పక్కన పెట్టేశాను. "నాన్నా, వాసన పడట్లేదా, బాల్కనీలోకి తీసుకెళ్లనా?" అంది. పడకపోవడం కాదమ్మా, ఆ వాసనలో మా అవ్వ ఉంది అన్నాను. అవ్వ సంగతులు రాసిపెట్టమని అప్పటినుంచి నా వెంట పడుతోంది. అందుకే ఇది.

మాది రాయచోటి వైపు పల్లె. మట్టి మిద్దె, ముందు వసారా, పక్కన గొడ్ల కొట్టం, కొట్టానికి నీడగా పెద్ద కానుగ చెట్టు. ఇంట్లో మనుషులు ఎంతమందో జీవాలూ అంతకు తక్కువ కాదు. ఆవులు, దూడలు, మేకలు, కోళ్లు, ఒక కుక్క, ఎప్పుడూ ఒకటో రెండో పిల్లులు. వీటన్నిటికీ డాక్టరు మా అవ్వే. వంటింటి గోడలో ఒక గూడు ఉండేది. పసుపు కొమ్ములు, వాము, సొంఠి, పటిక, గంధకం, ఆముదం సీసా, హారతి కర్పూరం, దానిమ్మ తొక్కలు ఎండబెట్టిన మూట, అన్నీ అందులోనే. మనుషులకు ఒక మందు, గొడ్లకు ఒక మందు అనే తేడా ఆ గూటికి తెలియదు. నాకు కడుపు నొప్పి వచ్చినా, దూడకు కడుపు ఉబ్బినా అవ్వ చెయ్యి ముందు వాము డబ్బా మీదికే పోయేది.

సంగటి కట్టె చప్పుడు

సాయంత్రం పొయ్యి మీద ఎసరు కాగి, బియ్యం ఉడికి, రాగిపిండి పడ్డాక అవ్వ కూర్చుని సంగటి కెలికేది. కట్టె కుండ అంచుకు తగిలి టక్, టక్ మని చప్పుడు. ఆ చప్పుడు వినబడితే మా కుక్క నల్లోడు ఎక్కడున్నా లేచి వచ్చి వంటింటి గడప బయట నిలబడేవాడు. గడప దాటేవాడు కాదు. అరిచేవాడు కాదు. చెవులు మాత్రం కట్టెతో పాటు కదిలేవి.

వాడికి పెట్టేది సొట్టలు పడిన ఒక సత్తు గిన్నెలో. కుండ అడుగున అంటుకున్న సంగటి గోకి, చల్లారబెట్టి, పలచటి మజ్జిగలో పిసికి పోసేది. వేడిది పెట్టనిచ్చేది కాదు. పులుసు కలపనిచ్చేది కాదు. ఉప్పు, కారం, ఊరగాయ ఏవీ తగలకూడదు. మేము తినగా మిగిలిన ఎర్రగడ్డల పులుసన్నం వేయబోతే చేతిలో గిన్నె లాక్కునేది. "వానికి మన నాలిక లేదురా, మన కడుపు లేదు" అనేది. ఉల్లిగడ్డ, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయని నాకు చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక పశువైద్యుడు చెప్పారు. అవ్వకు ఆ కారణం తెలియదు. పులుసన్నం తిన్న కుక్క మర్నాడు ఎలా ఉందో చూసింది, అంతే.

తీపి కూడా పెట్టేది కాదు. ఓళిగల రోజున నల్లోడు ఎంత దీనంగా చూసినా ఆమె మనసు కరిగేది కాదు, తీపి తింటే గజ్జి లేస్తుందని. మేము దొంగతనంగా తుంచి వేసేవాళ్లం. పొట్టేలు కోసిన రోజున మాత్రం నల్లోడికి పండగ. ఉడకబెట్టని పెద్ద ఎముక ఒకటి ఇచ్చేది. కోడి ఎముకలు మాత్రం పొయ్యిలో వేసేది. ఉడికిన కోడి ఎముక కొరికితే సూదుల్లా చీలుతుంది, గొంతులో గుచ్చుకుంటుంది అని. పక్కింటి కుక్కకు అలా గుచ్చుకుని నోరు మూయలేక రోజంతా తిరిగింది. అది చూసినప్పటినుంచి ఆ నియమం.

కుక్క మాంసాహారి కదా, సంగటితో ఎలా బతికింది అని మా అమ్మాయి అడిగింది. దీనికి జవాబు 2013లో దొరికింది. తోడేళ్లకూ కుక్కలకూ జన్యువులు పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులు ఉంటే కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయని తేల్చారు. వేల ఏళ్లుగా మనిషి గింజలు తింటుంటే, మనిషి గడప ముందు కూర్చున్న కుక్క కడుపు కూడా మారింది. నల్లోడు సంగటి కట్టె చప్పుడుకు లేచి నిలబడటం వెనక అంత చరిత్ర ఉందని చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అయితే ఒక్క సంగటితోనే వాడు అంత పుష్టిగా ఉండలేదు. చేలో ఎలుకలు పట్టేవాడు, తొండలను తరిమేవాడు, ఈనిన ఆవు జున్నుపాలలో వాటా ఉండేది, పగిలిన కోడిగుడ్డు వాడిదే. ఇప్పుడు ఫ్లాటులో కుక్కకు పెరుగన్నం ఒక్కటే పెట్టి, మా పల్లెలో ఇలాగే పెరిగాయి అనేవాళ్లు ఈ మిగతా సగాన్ని మరిచిపోతున్నారు.

గజ్జి

ఒక వానాకాలం నల్లోడికి గజ్జి లేచింది. ముందు చెవుల అంచున, తర్వాత మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి చర్మం గట్టిగా, బూడిద రంగులో తేలింది. రాత్రంతా గోక్కునే చప్పుడు. వసారాలో పడుకునే మా తాతకు నిద్ర లేదు. ఊళ్లో వాళ్లు వదిలేయండి, పిల్లలకు అంటుకుంటుంది అన్నారు. అవ్వ వదల్లేదు.

వేపాకు పెద్ద కాగులో వేసి నీళ్లు పచ్చగా దిగేదాకా కాచింది. గోరువెచ్చగా అయ్యాక నల్లోణ్ణి కానుగ చెట్టుకు కట్టి, సీకాయతో రుద్ది, ఆ నీళ్లు పోసింది. ఆరాక అసలు మందు. గంధకం రోట్లో మెత్తగా నూరి, కానుగ నూనెలో కలిపి, పొయ్యి పక్కన వెచ్చబెట్టి, పాత గుడ్డపేలికతో మచ్చల మీద అద్దింది. ఒళ్లంతా ఒకేసారి పూయలేదు. ఈ రోజు ఒక పక్క, మళ్లీ రెండు మూడు రోజులకు ఇంకో పక్క. ఎందుకవ్వా అంటే "వాడు ఓర్చుకోవాల గదా" అంది.

మందు పూశాక నాకడానికి లేదు. ఇప్పుడు దానికి ప్లాస్టిక్ కాలర్లు వచ్చాయి. అప్పుడు ఆ కాలర్లం మేమే. నేనూ మా చిన్నక్కా చెట్టు కింద కూర్చుని, నల్లోడు తల తిప్పినప్పుడల్లా "ఏయ్" అనాలి. పొద్దెక్కే దాకా అదే పని. చెనక్కాయలు ఒలుచుకుంటూ, వాడికి ఒకటీ మాకు రెండూ తినుకుంటూ కూర్చునేవాళ్లం. కానుగ నూనె, గంధకం, తడిసిన కుక్క, పచ్చి చెనక్కాయలు, ఈ నాలుగు వాసనలూ కలిసి నాకు వానాకాలం అంటే ఇదే అయిపోయింది.

నెల తిరగక ముందే కొత్త వెంట్రుకలు మొలిచాయి. గజ్జి చర్మంలో దూరే కంటికి కనిపించని పురుగు వల్ల వస్తుందనీ, గంధకం ఆ పురుగును చంపుతుందనీ, సున్నం-గంధకం కలిపిన మందు పశువైద్యులు నేటికీ వాడుతున్నారనీ తర్వాత తెలిసింది. అవ్వ చేసిన ఇంకో పని నాకు అంతకన్నా గొప్పగా అనిపిస్తుంది. నల్లోడు పడుకునే గోనెసంచి కాల్చేసింది. వాడు ఆనుకుని పడుకునే గోడ పగుళ్లను మా చేత పుల్లలతో గీకించి, సున్నం కొట్టించింది. గోమార్లు, అంటే పిడుదులు, పట్టినప్పుడూ ఇంతే, కుక్క కంటే ముందు గోడను చూసేది. కుక్కకు పట్టే పిడుదు తన బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద ఉండదు, గోడ పగుళ్లలో ఉంటుంది. ఆడది అక్కడే వేల గుడ్లు పెడుతుంది. మా అమ్మాయి తెచ్చిన సీసా మీద ఈ ముక్క ఎక్కడా లేదు. ఆ రోజే ఆమె చేత కుక్క పడుకునే మూల, సోఫా వెనక సందు, బాల్కనీ గ్రిల్లు కింద పగుళ్లు శుభ్రం చేయించాను.

పిల్లికి నూనె వద్దు

అదే కానుగ నూనె పిల్లికి పూయబోతే మాత్రం అవ్వ అరిచింది. "అది పొద్దస్తమానం ఒళ్లు నాకతాది. పూసిందంతా కడుపులోకే పోతాది." పిల్లికి దెబ్బ తగిలితే ఉప్పునీళ్లతో కడగడం, చల్లటి చోట పడుకోనివ్వడం, అంతే ఆమె వైద్యం. కుక్క ఒంటికి పడే చాలా మందులు పిల్లి లివరు విరగ్గొట్టలేదు. మనం జ్వరానికి మింగే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. అవ్వ కారణం వేరు, తీర్పు మాత్రం సరైనదే.

పిల్లికి పెట్టేది పాలన్నం. రాయచోటి సంతకు పోయినప్పుడు ఎండుచేపలు తెస్తే వాటి తలలు. ఇంతేనా అంటే ఇంతే. కానీ మా పిల్లి నిజంగా బతికింది మేం పెట్టిన అన్నంతో కాదు, గాదె కింది ఎలుకలతో. పిల్లికి టారిన్ అనే పదార్థం తప్పనిసరి, అది మాంసంలోనే ఉంటుంది, గింజల్లో ఉండదు. లేకపోతే ముందు చూపు పోతుంది, గుండె కూడా ఉబ్బి బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లో గానీ బయటపడలేదు, ఆ తర్వాతే పిల్లుల డబ్బా ఆహారంలో దాన్ని పెంచారు. ఎలుక ఒళ్లంతా టారినే. అందుకే ఇంట్లో నుంచి కాలు బయటపెట్టని పిల్లిని శాకాహారిగా పెంచుతాం అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. వాళ్ల ఇష్టాయిష్టాలకు ఆ పిల్లి కళ్లు ఎందుకు పోగొట్టుకోవాలి?

పిల్లి సంగతి వస్తే కుప్పింట చెట్టు చెప్పకుండా ఎలా? పెరట్లో, గోడల వార పిచ్చిగా మొలిచే చిన్న మొక్క. దాని ఆకు రసం, పసుపు, ఉప్పు కలిపి అవ్వ మాకు గజ్జికి పూసేది. ఆ మొక్కను వేరుతో పీకితే ఎక్కడ నుంచి వచ్చేదో మా పిల్లి వచ్చేది. వేరుకు ముఖం రుద్దుకునేది, చొంగ కార్చుకునేది, వెల్లకిలా పడి దొర్లేది, మాకు అది సినిమా. బడి లేని మధ్యాహ్నాలు ఊళ్లో ఎన్ని పిల్లులు ఉన్నాయో చూడాలంటే ఒక కుప్పింట పీకితే సరిపోయేది. అవ్వ తిట్టేది, మందు చెట్టును ఆటకు పీకుతారా అని. ఇప్పుడు విదేశాల నుంచి ఎండుటాకుల పొట్లాలు తెప్పించి పిల్లులకు ఆడుకోవడానికి ఇస్తున్నారు. మన గోడ పక్కన కుప్పింట ఉంది, చూడండి.

రాణి బాలింతతనం

నల్లోడి తర్వాత మా ఇంటికి రాణి వచ్చింది. అది కొట్టంలో, గడ్డివామి పక్కన ఈనింది. అవ్వ ఆ రోజు ఎవర్నీ కొట్టంలోకి పోనివ్వలేదు. తాను మాత్రం గోరువెచ్చటి నీళ్లలో బెల్లం కలిపి తీసుకెళ్లి పెట్టి వచ్చింది. మర్నాటి నుంచి బాలింత పథ్యం. పొద్దున రాగి జావ, చిక్కగా కాచి, ఆవుపాలు కొంచెం కలిపి. మధ్యాహ్నం మెత్తటి అన్నం, పప్పుకట్టు, ఉప్పు లేకుండా. మా అమ్మ బాలింతగా ఉన్నప్పుడు ఏ శ్రద్ధో రాణి విషయంలో అదే శ్రద్ధ.

"కూనలు ఎముకలు కట్టుకోవాలంటే తల్లి ఎముకలు కరగాల. మనం పెట్టకపోతే అది ఎక్కడి నుంచి తెస్తాది?" అనేది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాంతో పోలిస్తే ఉన్నట్టే లెక్క కాదు. పాలిచ్చే చిన్న జాతి కుక్కలకు కాల్షియం పడిపోయి వణుకుతో పడిపోవడం నేను హైదరాబాదులో చూశాను. అప్పుడు రాగి జావ పనికి రాదు, సూది వేయాల్సిందే. కానీ రాణి ఏ ఈతలోనూ వణకలేదు.

కూనలు కళ్లు తెరిచేదాకా ముట్టుకోకూడదు. పది పదిహేను రోజులు. మేము కొట్టం తడికె సందులోంచి చూసేవాళ్లం. పాలు తాగేటప్పుడు వచ్చే చిన్న చిన్న మూలుగులు, ఒకదాని మీద ఇంకొకటి ఎక్కే ఆరాటం. తెల్లారగానే ఆ సందు దగ్గర చోటు కోసం నాకూ చిన్నక్కకూ రోజూ గొడవ.

ఆ మూల

ఒక ఈతలో కూనలు పాలు మరిచే వయసుకు వచ్చాయి. కొట్టంలో, వసారాలో, మా కాళ్ల మధ్యన తిరుగుతున్నాయి. ఒకరోజు ఒక కూన తినలేదు. మధ్యాహ్నానికి వాంతి. సాయంత్రానికి నీళ్లలా విరేచనం, అందులో నెత్తురు, ముక్కు పగిలిపోయే వాసన. అవ్వ పెద్ద కుక్కలకు వాంతి అయితే కంగారు పడేది కాదు. అవి గరిక తిని కక్కేస్తే "తన మందు తాను తిన్నాది" అని వదిలేసేది. ఒక పూట ఏమీ పెట్టేది కాదు. లంఖణం పరమౌషధం అనేది, తర్వాత గంజితేట. ఈ కూనను చూసి మాత్రం ఆమె ముఖం మారింది. పసిదాన్ని పస్తు పెట్టకూడదు అంది. దానిమ్మ తొక్క కషాయం పట్టింది. సగ్గుబియ్యం జావ పట్టింది. ఉప్పు, బెల్లం వేసిన నీళ్లు దూదితో పిండింది. రాత్రంతా పొయ్యి దగ్గర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి పోయింది. ఆ వారంలోనే మిగతావి కూడా.

అలాంటి రోగం అంతకు ముందు మా ఊళ్లో ఎవరూ చూడలేదు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు కూడా ఇది కొత్తగా వస్తోందవ్వా, అన్ని ఊళ్లలో ఇదే అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది పార్వో అనిపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడా లేని ఆ వైరస్ 1978 ప్రాంతంలో తలెత్తి, రెండు మూడేళ్లలో ఖండాలన్నీ చుట్టేసింది. దానికి దానిమ్మ తొక్క చాలదు, ఏ పసరూ చాలదు. కూనకు ఆరేడు వారాల వయసు నుంచి వేసే టీకాలే దిక్కు. అవ్వ కూనలను పూడ్చిపెట్టించి వచ్చి, కొట్టంలో అవి పడుకునే మూల మట్టి గీకి పారేయించింది. ఏడాది తిరిగేదాకా ఇంకో కూనను ఇంటికి తేవద్దు అంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. ఆమె ఏ లెక్కన ఆ మాట అందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

రాణి చాలా రోజులు ఆ మూల వాసన చూసి వచ్చేది. అవ్వ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమురుతూ ఉండేది. ఆ రోజుల్లో ఆమె సరిగా అన్నం తినలేదు.

పిచ్చికుక్క

పక్క ఊరి నుంచి వచ్చిన కుక్క ఒకటి దారిలో కనిపించినవాళ్లను కరుచుకుంటూ పోయింది. మా చిన్నాయన పిక్కను పట్టింది. ఆయన అప్పటికి కుర్రవాడు. జనం పోగయ్యారు. మిరప్పొడి పెట్టమని ఒకరు, సున్నం పెట్టమని ఒకరు, జిల్లేడు పాలు పోయమని ఒకరు, పలానా ఊళ్లో పసరు పోస్తారు, మూడు ఆదివారాలు పథ్యం ఉంటే చాలని ఇంకొకరు. అంత మందులు తెలిసిన మా అవ్వ వీటిలో ఒక్కదానికీ ఒప్పుకోలేదు. ముంత ముంత నీళ్లు పోస్తూ, బట్టల సబ్బుతో గాయాన్ని రుద్ది రుద్ది కడిగింది. చిన్నాయన ఏడుస్తున్నా ఆపలేదు. కట్టు కట్టలేదు. "ఇది మన చేతిలో పని గాదు. బస్సు ఎన్ని గంటలకు?" అంది తాతతో.

బొడ్డు చుట్టూ 14 సూదులు. ఆ రోజుల్లో ఆ మందు గొర్రె మెదడు నుంచి చేసేవాళ్లు, మన దక్షిణాదికి కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల తయారయ్యేది. చిన్నాయన పొట్ట గడ్డలు కట్టి, వంగి నడిచేవాడు. రోజూ బస్సులో తాత తోడు. ఆ పాత మందును దేశంలో 2004 చివర్లో ఆపేశారు. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులతో పోతుంది, చర్మం చీలి నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోనే వేసే ఇంకో మందు ఉంది. సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడగడం మాత్రం అప్పటికీ ఇప్పటికీ మొదటి వైద్యం. అదే రోజు అదే కుక్క కరిచిన ఇంకొకాయన పసరు పోయించుకుని ఇంటికి వచ్చాడు. కొన్నాళ్లకు నీళ్ల ముంత చూసి వణికాడు. అది ఊరంతా చూసింది. నేను రాయలేను.

ఆ తర్వాత కాంపౌండరు కుక్కలకు టీకాలు వేయడానికి ఊళ్లోకి వస్తే రాణిని ముందుగా తీసుకెళ్లి నిలబెట్టింది అవ్వే.

మంద దగ్గర

చెనక్కాయ పంట పీకాక చేలల్లో గొర్రెల మంద నిలిపేవాళ్లు. ఎరువు కోసం. మంద కట్టే పెద్దాయన దగ్గర రెండు కుక్కలు, మెడకు ఇనుప ముళ్ల పట్టెడలు, తోడేలు గొంతు పట్టకుండా. మందలో గొర్రెలకూ ఆ కుక్కలకూ ముళ్లు గీరుకుని పుండ్లు పడేవి, ఈగలు వాలి పురుగులు పట్టేవి. ఆయన సీతాఫలం ఆకు నూరి పుండులో కుక్కి కట్టేవాడు. పురుగులు బయటికి రాలిపోయేవి. గాడిదగడపాకు పసరు కూడా వాడేవాడు. అవ్వ కొబ్బరినూనెలో కర్పూరం కలిపి వేసేది. రాత్రిళ్లు మంద దగ్గర మంట వేసుకుని వీళ్లిద్దరూ ఏ పుండుకు ఏది బాగా పనిచేసిందో మాట్లాడుకుంటుంటే నేను దుప్పటి కప్పుకుని వినేవాణ్ణి. సీతాఫలం గింజల పొడి జోలికి మాత్రం పోవద్దని ఆయన గట్టిగా చెప్పేవాడు, కంట్లో పడితే కన్ను పోతుందని. పొగాకు నీళ్లు కూడా అంతే. పేలు పట్టాయని మా వీధిలో ఒకరు కుక్కపిల్లను పొగాకు నీళ్లతో కడిగితే అది చొంగ కార్చుకుంటూ వణికి వణికి చచ్చిపోయింది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనే మాట నేను ఆ పెద్దాయన నోటగానీ మా అవ్వ నోటగానీ వినలేదు. చెట్టంటే వాళ్లకు భయం కూడా ఉండేది.

ఆవుకు పొదుగు వాస్తే కలబంద గుజ్జు, పసుపు, సున్నం కలిపి నూరి పూసేది అవ్వ. ముద్ద ఎర్రగా తిరిగేది. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ వాళ్లు రైతులకు చెబుతున్న పొదుగువాపు మందు చూసినప్పుడు ఆనందం పట్టలేకపోయాను. కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15. అవే మూడు. అవ్వ పిడికిళ్లతో కొలిచింది, వాళ్లు గ్రాముల్లో రాశారు.

చేతులతో చూడటం

చివరి రోజుల్లో అవ్వకు చూపు తగ్గింది. మా నాన్న పెంచుతున్న కుక్క, దాని పేరు మల్లి, ఆమె మంచం కిందే ఉండేది. నేను సెలవుకు వెళ్లినప్పుడు చూశాను. పొద్దున్నే మల్లిని పిలిచి, చెవులు పట్టుకునేది, వేడి ఉందేమోనని. ముక్కు మీద వేలు పెట్టేది. పొట్ట కింద చెయ్యి పోనిచ్చేది. కాలివేళ్ల మధ్య, చెవి మడతల్లో పిడుదుల కోసం తడిమేది. మూత్రం ఏ రంగులో పోసింది, పేడ గట్టిగా ఉందా అని మా అమ్మను అడిగేది. ఇదంతా ఆమె చిన్నప్పటి నుంచి చేసిందే. చూపు ఉన్నప్పుడు కళ్లతో చేసింది కాబట్టి మా కంట పడలేదు.

ఒకరోజు మల్లి సంగటి ముట్టలేదు. అవ్వ దాని పెదవి పైకెత్తి నన్ను పిలిచింది. "చిగుళ్లు ఏ రంగున్నాయో చెప్పు." తెల్లగా ఉన్నాయవ్వా అన్నాను. "ఒంట్లో నెత్తురు లేదు. గోమారి జరం. గూట్లో దీనికి మందు లేదు, ఆస్పత్రికి తీసకపో." రాయచోటిలో డాక్టరు రక్తం చూసి అదే మాట అన్నాడు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం అని. డాక్సీసైక్లిన్ మాత్రలు రాశాడు. నెల పాటు ఆపకుండా వేయాలి, ఖాళీ కడుపున వేయవద్దు, పాలతో, మజ్జిగతో, రాగులతో కలిపి పెట్టవద్దు, కాల్షియం ఆ మందును కడుపులోనే పట్టేసుకుంటుంది అన్నాడు. ఇంటికి వచ్చి చెప్పాను. సంగటీ మజ్జిగా లేని పథ్యం అవ్వ జన్మలో ఎవరికీ చెప్పి ఉండదు. కాసేపు ఆలోచించింది. "సరే అయితే, బియ్యం మెత్తగా ఉడకబెట్టి కోడి రసంలో పిసకండి. మాత్ర నడిమి ముద్దలో పెట్టండి. మొదటి ముద్ద ఉత్తది ఇస్తే నమ్ముతాది, రెండోది మింగతాది" అని మా అమ్మకు చెప్పింది. కాలేయం ముక్క కూడా ఉడకబెట్టి వేయమంది, నెత్తురు పట్టాలని. రెండు పూటలా ఎవరు మాత్ర వేశారో ఆమెకు చెప్పాలి. చెప్పకపోతే మంచం మీద నుంచి కేకలు.

మల్లి కోలుకుంది. మందులు అయిపోయిన రోజు దానికి మళ్లీ సంగటి, మజ్జిగ పెట్టమని అవ్వే గుర్తుచేసింది. అవ్వ పోయాక కూడా మల్లి చాలా ఏళ్లు బతికింది. మా నాన్న రోజూ దాని చెవులు, చిగుళ్లు చూసేవాడు. ఇప్పుడు మా అమ్మాయికి చిగుళ్లు చూడటం నేర్పాను, వాళ్ల కుక్కకు రక్త పరీక్ష కూడా చేయించాం. దానికి జ్వరం లేదు, వట్టి పిడుదులే.